అస్వాన్‌లో గుర్తుకొచ్చిన జొన్న పాతర

శ్రీశైలం డ్యామ్ కింద మునిగిపోయిన ఊళ్ల గురించి మా కర్నూలు వైపు ఎవరిని కదిపినా మొదట వచ్చే మాట ఎకరాకు ఎంత ఇచ్చారన్నదే. ఆ తర్వాత జీవో 98. ఎవరింట్లో ఉద్యోగం వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరి పేరు లిస్టులో తప్పు పడింది. అడగకూడని మాటలేం కావివి. 1981లో ఇళ్లు కూల్చి పంపించేస్తే, ఇంటికొక ఉద్యోగమన్న ఆ జీవో 1986కు గానీ రాలేదు. మా నాన్న దాని కోసం తిరిగిన ఆఫీసు మెట్లు ఆయన మోకాళ్లకే తెలుసు. కానీ ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాటే అడుగుతూ రావడంతో ఊరంటే మాకొక అర్జీ మాత్రమే మిగిలింది. అర్జీలో రాయడానికి వీలున్నదే గుర్తుపెట్టుకున్నాం. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు. మిగతాదంతా ఎక్కడో జారిపోయింది.

నాలో జారిపోయింది నా స్నేహితురాళ్ల దగ్గర భద్రంగా ఉందని ఈజిప్టుకు వెళ్లాక తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. పాత స్నేహితులతో దూరదేశం పోవడమంటే డబ్బు తగలేసుకోవడమేనని అనేవాళ్లు మా ఇళ్లల్లోనే చాలామంది. నేను ఒప్పుకోను. గతాన్ని గుర్తుచేసుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. సొంత ఊళ్లో కూర్చుని గుర్తుచేసుకోవడం మరీ కష్టం.

మేం నలుగురం కర్నూలులో కలిసి చదువుకున్నవాళ్లం. ఒకామె ప్రభుత్వ బళ్లో లెక్కల టీచరుగా చేసింది. ఒకామె బ్యాంకులో చేసి హైదరాబాదులో స్థిరపడింది. ఇంకొకామె ఆదోనిలో బట్టల షాపు నడుపుతోంది. టీచరు నాకు ఒకటో తరగతి నుంచీ తోడు. వేసవి సెలవుల్లో మా అవ్వ వాళ్ల ఊరికి నాతో పాటు వచ్చి నెలంతా ఉండిపోయేది. ఆ ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

ఈజిప్టు అనగానే ఇంట్లో వాళ్లు ముందు అన్న మాట, "ఆడోళ్లు నలుగురే అంత దూరమా? కాశీకి పోరాదా?" అని. కాశీకి కూడా పోతాం, దానికేం. ఇంటివాళ్లతో వెళ్తే మాత్రం నా కళ్లు సగం సామాన్ల మీద, సగం మాత్రల డబ్బా మీద ఉంటాయి. ఎవరు తిన్నారు, ఎవరికి కాళ్లు నొప్పులు, ఎవరికి బాత్రూమ్ కావాలి, అంతా నాదే టెన్షన్. స్నేహితురాళ్లతో అది లేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. నా భర్తకు నేను పెళ్లినాటి నుంచి తెలుసు. నా పిల్లలకు నేను అమ్మగానే తెలుసు. పదకొండేళ్ల నన్ను చూసినవాళ్లు, మా అమ్మానాన్నలు పోయాక, వీళ్లే.

కాగితాల్లో వెతుక్కుందామన్నా మాకు కాగితాలు లేవు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలులోకి వచ్చినప్పుడు మా ఇంట్లో బీరువా తలుపు ఎత్తు దాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఆల్బమ్‌లను మిద్దె మీద ఆరబెట్టాం. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మెల్లగా విడదీస్తే పై ఫోటోలోని ముఖం ఊడిపోయి కింది ఫోటో మీదకు వచ్చేది. మా అవ్వ వాళ్ల ఇల్లు వెనక కనిపించే ఒకే ఒక్క ఫోటో ఉండేది, మా చిన్నమ్మ పెళ్లినాటిది. అందులో పందిరి ఆకుపచ్చ రంగు మరకగా మిగిలింది, అంతే. ఊరు ఒకసారి శ్రీశైలం నీళ్లలో పోయింది, దాని ఫోటో ఇంకోసారి తుంగభద్ర నీళ్లలో పోయింది.

కైరోలో పిరమిడ్లు చూశాం. గొప్పగానే ఉన్నాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకు మనసులో నాటుకున్నది దక్షిణాన, అస్వాన్ దగ్గర.

అస్వాన్‌లో నైలు నది మీద పెద్ద డ్యామ్ ఉంది. 1960లో పని మొదలుపెట్టి 1970కి పూర్తి చేశారు. వెనక నిలిచిన నీళ్లు దాదాపు 500 కిలోమీటర్ల పొడవు, ఈజిప్టు దాటి సూడాన్‌లోకి కూడా పోతాయి. ఆ నీళ్లలో మునగాల్సిన వాటిలో అబూ సింబెల్ ఒకటి. రెండో రామ్‌సెస్ అనే రాజు మూడు వేల రెండు వందల ఏళ్ల కిందట కొండను తొలిచి కట్టించిన గుడి. యునెస్కో 1960లో పిలుపునిస్తే ప్రపంచ దేశాలు డబ్బులిచ్చాయి, ఇంజనీర్లను పంపాయి. 1964 నుంచి 1968 దాకా ఆ గుడిని వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, దాదాపు 65 మీటర్లు పైకి ఎత్తి, నదికి 200 మీటర్లు వెనకగా మళ్లీ నిలబెట్టారు. ఒక్కో ముక్క ఇరవై, ముప్పై టన్నులు. ఏడాదికి రెండుసార్లు సూర్యకిరణాలు లోపల గర్భగుడి దాకా పోయేవి. కొత్త చోట కూడా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పోయేటట్టు దిక్కు చూసి కట్టారు.

అస్వాన్ నుంచి ఎడారిలో దాదాపు మూడు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరాం. గుడి ముందు కూర్చున్న నాలుగు విగ్రహాలు ఒక్కొక్కటి ఇరవై మీటర్లు. వాటిలో ఒక విగ్రహం పైభాగం ప్రాచీన కాలంలోనే భూకంపానికి విరిగి కాళ్ల దగ్గర పడింది. గుడిని తరలించినప్పుడు ఆ పడిపోయిన తలను, భుజాన్ని కూడా తెచ్చి, పాత చోట ఎలా పడి ఉన్నాయో అలాగే కొత్త చోట పెట్టారట. టీచరు అక్కడే చాలాసేపు నిలబడింది. "పడిపోయిన తలకాయను కూడా పడినట్టే పెట్టినారు, చూడు మే," అంది. ఆ మాటతో నాకు జగన్నాథగట్టు గుర్తుకొచ్చింది.

కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరాలయం ఉంది. శ్రీశైలం నీళ్లలో మునగకుండా రాళ్లు విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టిన గుడి అది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలాగే అలంపురానికి తెచ్చారు. అంతకుముందు నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, బయటపడిన కట్టడాలను కొండపైకీ, జలాశయం ఒడ్డునున్న అనుపుకూ చేర్చారు. అంటే అబూ సింబెల్ కంటే ముందే ఇలాంటి పని మన కృష్ణా ఒడ్డున జరిగింది. దానికి నేను గర్వపడతాను. రాళ్లకు వరసగా నంబర్లు వేసి, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసుకుని, తెచ్చి పేర్చడం చిన్న పని కాదు. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి.

ఆ గుడి చుట్టూ ఉన్న ఊళ్లకు నంబర్లు వేసినవాళ్లు మాత్రం లేరు. నేను మాట్లాడుతున్నది దాని గురించి.

నూబియన్లు అని నైలు ఒడ్డున వేల ఏళ్లుగా ఉన్న జనం. డ్యామ్ కోసం ఈజిప్టు వైపు దాదాపు యాభై వేల మందిని 1963, 64లలో ఖాళీ చేయించి కోం ఓంబో దగ్గర కట్టిన ఇళ్లకు పంపారు. సూడాన్ వైపు కూడా ఇంచుమించు అంతే మంది. కొత్త ఊళ్లకు పాత ఊళ్ల పేర్లే పెట్టారు. మా వైపు పాత ముచ్చుమర్రి, కొత్త ముచ్చుమర్రి ఉన్నట్టే. కొత్త ఊళ్లకు నది దూరమైంది. నది ఒడ్డున పుట్టినవాళ్లకు అంతకంటే శిక్ష ఏముంటుంది?

అస్వాన్‌లో 1997లో నూబియా మ్యూజియం తెరిచారు. రాజుల విగ్రహాలు, సమాధుల్లో దొరికిన సామాన్లు అన్నీ ఉన్నాయి. ఒకచోట మాత్రం మనుషులంత బొమ్మలతో మునిగిపోయిన ఊళ్ల జీవితాన్ని చూపించారు. పిల్లలు కూర్చుని చదువుకుంటున్నట్టు, పెళ్లి జరుగుతున్నట్టు, ఆడవాళ్లు ఇంటి పనుల్లో ఉన్నట్టు. రాజు విగ్రహానికి ఎంత వెలుతురు పెట్టారో, రొట్టె చేసుకునే మనిషికీ అంతే వెలుతురు పెట్టారు. నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. మా వైపు ఇలాంటిది ఎక్కడా చూడలేదు. మా అవ్వ రొట్టె తట్టడం గురించి ఏ గదిలోనూ ఏ అద్దం వెనకా లేదు.

మరుసటి రోజు నదికి పడమటి ఒడ్డున ఒక నూబియన్ ఇంటికి తీసుకెళ్లారు. రంగులేసిన గోడలు, నేల మీద మెత్తటి ఇసుక. ఒక పెద్దామె ఎర్రటి చల్లని పానీయం గాజు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. కర్కడే అంటారట. తాగగానే ఆదోని ఆమె, "ఇది గోగాకు పులుపు మే!" అంది. గైడును అడిగి ఎండబెట్టిన పూల గిన్నె తెప్పించుకుని చూస్తే నిజంగా ఎర్ర గోగు కాయల మీది తొక్కలే. మనం ఆకు వండుకుంటాం, వాళ్లు కాయ తొక్క మరిగించుకుని తాగుతారు. పెద్దామెకు మేమెందుకు అంత సంబరపడుతున్నామో అర్థం కాలేదు. గైడు చెప్పాక ఆమే ఇంకో గ్లాసు పోసింది. మా ఊరు కూడా ఇలాగే డ్యామ్ కింద పోయిందని నేను చెప్పించాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి, వాళ్లమ్మ ఊరు విడిచే రోజు సమాధుల దగ్గరికి పోయి నీళ్లు చల్లి వచ్చిందని, ఖర్జూర చెట్లను వదిలి రాలేక ఏడ్చిందని చెప్పింది. అంతలో టీచరు నా వైపు తిరిగి, "మీ అవ్వ పాతర అలికింది గుర్తుందా?" అని అడిగింది.

నాకు గుర్తులేదు. పాతర ఉందన్నంత వరకే తెలుసు.

ఈ కాలం పిల్లలకు పాతరంటే తెలియదు కాబట్టి చెప్తాను. జొన్నలు నిల్వ చేసుకోవడానికి భూమిలో తవ్విన గుంత అది. పైన మూతి ఒక మనిషి దిగేంత ఇరుకు, లోపల వెడల్పు. చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు నింపి, బండ మూసి మట్టి మెత్తేవాళ్లు. తీసేటప్పుడు వెంటనే దిగకూడదు. లోపలి గాలి విషమై ఉంటుంది. మూత తీసి వదిలేసి, తర్వాత దీపం కిందికి దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. పాతర జొన్నల రొట్టెకు ఒక ముక్కిన వాసన ఉంటుంది. అలవాటైనవాళ్లు ఆ వాసన లేకపోతే తినరు.

టీచరు చెప్పిందిది. ఇళ్లు విప్పుతున్న ఆ వేసవిలో ఆమె మా ఇంట్లోనే ఉంది. మగవాళ్లు దూలాలు, ద్వారబంధాలు ఊడదీసి బండికెత్తుతున్నారు. అవ్వ పాతర తెరిపించింది. జొన్నలన్నీ తోడించాక, అడుగున నల్లబడిన వాటిని కూడా గొడ్లకని గీకించింది. ఆ తర్వాత టీచరును లోపలికి దించింది. "నువ్వు దిగనని ఏడుస్తాంటివి. అందుకే నన్ను దించింది. చీపురిచ్చి ఊడ్చమనింది. ఊడ్చినాక పైనుంచి మట్టీ పేడా కలిపిన తట్ట దించింది. గోడలకు మెత్తమనింది. వచ్చే యేడు జొన్నలు పోసేదానికి ఎట్ల మెత్తుతారో అట్ల. నేను పైకొచ్చినాక మూత పెట్టించి మట్టి కూడా మెత్తింది."

అప్పటికే ఊరు సగం కూలిపోయింది. నెలలో నీళ్లొస్తాయని అందరికీ తెలుసు. మా అవ్వకూ తెలుసు.

ఇన్నేళ్లూ ఈ సంగతి టీచరు నాకెందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "ఎప్పుడు చెప్పాల? మీ ఇంటికొస్తే మీ నాయన ఫైలు ముందేసుకుని ఉంటుండె," అంది. అదే నేను చెబుతున్నది. కర్నూలులో ఆ ఊరి మాట ఎత్తితే, వినేవాళ్లలో ఒకరు కేసులో ఉంటారు, ఒకరికి ఉద్యోగం వచ్చి ఉంటుంది, ఒకరికి రాక కడుపు మండి ఉంటుంది. అక్కడ పాతర గురించి మాట్లాడితే పనిలేని మాటలా ఉంటుంది. అస్వాన్‌లో మాకెవరితోనూ లెక్కలు లేవు. పక్కన కూర్చున్న ముసలామె తన ఊరి గురించి చెబుతుంటే, మా ఊరి మాట దానంతటదే వచ్చింది. దూరం వెళ్తే సొంతూరు మర్చిపోతారని అంటారు. మా విషయంలో దూరం వెళ్లాకే మాటకు దారి దొరికింది.

ఆ రాత్రి హోటల్లో నలుగురికీ నిద్రలేదు. ఊరు విడిచిన రోజు సామాన్లు ఎద్దుల బండిలో పోయాయని నేను, లారీలో పోయాయని టీచరు వాదులాడుకున్నాం. బ్యాంకామె మధ్యలో దూరి, "రెండూ రాసి పెట్టండి, మీ చిన్నమ్మను అడుగుదాం," అని హోటల్ కాగితాల మీద రాయడం మొదలుపెట్టింది. ఆదోని ఆమె మాత్రం ఒక మాట అంది, అది ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. "మీ ఊరు మునిగె. మునిగినా మా పక్క చేన్లకు ఆ నీళ్లు రాకపాయె."

డ్యామ్ కట్టకూడదన్న మాట నాది కాదు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర వదిలిన నీళ్లు తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా పోతున్నాయి. మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్లు హంద్రీ-నీవా కాలువలో అనంతపురం చేరుతున్నాయి. అనంతపురంలో తాగునీటికి బిందెలు పట్టుకుని నిలబడిన రోజులు తెలిసినవాళ్లెవరూ ఆ నీళ్లు వద్దనరు. నీళ్లు ఎవరి ఊరి మీదుగా వస్తున్నాయో తాగేవాళ్లకు తెలియాలి, అంతే నా పట్టుదల.

మ్యూజియం కడితే బాధితులకు న్యాయం జరిగినట్టా అని ఎవరైనా అడిగితే, కాదు, అని గట్టిగా చెప్తాను. ఈజిప్టు 2014 రాజ్యాంగంలో, 236వ అధికరణంలో, నూబియన్లను వాళ్ల పాత ప్రాంతాలకు తిరిగి తెచ్చే పనులు పదేళ్లలో చేస్తామని రాసుకున్నారు. ఆ పదేళ్లూ దాటిపోయాయి. మా గైడు నూబియన్ కుర్రాడే. దాని గురించి అడిగితే తల అడ్డంగా ఊపి రోడ్డు వైపు చూశాడు. జీవో 98 గురించి అడిగితే మా వాళ్లు చూసే చూపే అది. కాబట్టి ఉద్యోగాల బదులు మ్యూజియం ఇవ్వమని నేను అనడం లేదు. ఉద్యోగం అడిగే హక్కు ఉద్యోగం వచ్చేదాకా ఉంటుంది. జ్ఞాపకానికి మాత్రం అంత వ్యవధి లేదు. 1981లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటి ఎన్నో ఏళ్లైంది. ఇల్లు, పాతర, బావి, కళ్లం ఎక్కడెక్కడ ఉండేవో వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

అలంపురం ఉండగా అంత దూరమెందుకు అని మా తమ్ముడు అడిగాడు. అలంపురం కర్నూలు నుంచి గంట కూడా పట్టదు. ఎన్నోసార్లు పోయాను. జోగులాంబ దర్శనం చేసుకుని, నవబ్రహ్మ ఆలయాలు చుట్టి, ఎండకు తాళలేక తిరిగొచ్చేదాన్ని. కూడవెల్లి గుడి ముందు కూడా నిలబడ్డాను. అక్కడ నేను భక్తురాలిని. అబూ సింబెల్‌లో దేవుడు నావాడు కాదు, రాజు నావాడు కాదు, అందుకే ఆ రాళ్లను తెచ్చిన తీరు మీద కళ్లు నిలిచాయి. తిరిగొచ్చాక నలుగురం కలిసి అలంపురం పోయాం. ఈసారి కూడవెల్లి గుడి దగ్గర రాళ్ల అతుకులు చూస్తూ మధ్యాహ్నం దాకా ఉన్నాం.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. జగన్నాథగట్టు మీద, రూపాల సంగమేశ్వరాలయానికి దగ్గర్లో ఒక గది. మునిగిన వందకు పైగా ఊళ్ల పేర్లు గోడ మీద, ఏ ఊరి జనం ఎక్కడికి పోయారో చూపే మ్యాపు, ఆ ఊళ్లలో బతికినవాళ్ల గొంతులు. గట్టు మీదే ఐఐఐటీ ఉంది, దేశమంతటి నుంచి వచ్చిన పిల్లలు చదువుతున్నారు. గొంతులు దాచిపెట్టడం, మ్యాపులు గీయడం వాళ్లకు చేతనైన పని. ఎవరైనా అడిగితే కదా చేసేది. మేం అడగబోతున్నాం.

ఈలోపల మా చేతిలో ఉన్న పని మొదలుపెట్టాం. టీచరు, నేను నందికొట్కూరు, ఆత్మకూరు, కొత్తపల్లె వైపు తిరుగుతున్నాం. ఇప్పుడవి నంద్యాల జిల్లాలోకి పోయాయి. ఫోన్లో రికార్డు చేస్తున్నాం. ఎకరాకు ఎంత ఇచ్చారని మేం అడగం, వాళ్లే చెప్తే వింటాం. మేం అడిగేవి వేరే: మీ ఇంటికి ఎడమ పక్క ఎవరుండేవాళ్లు, మంచినీళ్ల బావి ఎవరు తవ్వించారు, పీర్ల పండగకు గుండం ఎక్కడ తీసేవాళ్లు, చివరిగా ఊళ్లోంచి వచ్చింది ఎవరు. బండా, లారీనా అన్న మా గొడవ కూడా తీరింది. మా చిన్నమ్మ చెప్పింది, సామాన్లు లారీలో పోయాయట, జొన్నలు బండిలో పోయాయట.

ఇది చదివేవాళ్లలో ముంపు ఊళ్లవాళ్లుంటే ఒకటే అడుగుతాను. 1981లో పాత ఇంటి నుంచి ఊడదీసి తెచ్చి కొత్త ఇంటికి బిగించిన ద్వారబంధాలు ఇంకా కొన్ని ఇళ్లకు ఉన్నాయి. చెదలు పట్టాయని వాటిని తీసేసి సిమెంటువి పెట్టుకుంటున్నారు. తీసేయండి, తప్పులేదు. తీసే ముందు ఒక ఫోటో తీసి, వెనక ఊరి పేరు, ఇంటి పెద్ద పేరు, ఇల్లు ఏ వీధిలో ఏ దిక్కుకు ఉండేదో రాసి పెట్టండి. వీలైతే పాడైన ఆ చెక్కను కూడా పొయ్యిలో పెట్టకుండా ఉంచండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి మేం తీసుకుపోతాం.